పదమూడున్నర రోజుల గ్రహం

మా అమ్మాయి తేన్మొళి గది తలుపుకు లోపలి గడియ లేదు. నాలుగేళ్ళ కిందట నేనే స్క్రూడ్రైవరుతో ఊడదీశాను. గడియ ఉన్నచోట చెక్కలో నాలుగు చిల్లులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఇంటికొచ్చినవాళ్ళు అటు చూస్తే చెద పట్టిందని చెబుతాను.

డాక్టరు చదువు పరీక్ష రెండోసారి కూడా పోయిన రోజున అది ఆ గడియ పెట్టుకుంది. మర్నాడు మధ్యాహ్నం దాకా తియ్యలేదు. పిలిస్తే "ఊఁ" అనేది, అంతే. తలుపుకు చెవి ఆనించి కూర్చున్నాను. లోపల ఫ్యాను తిరుగుతుంటే ఒక భయం, ఆగితే ఇంకో భయం. చివరికి దానంతటదే బయటికొచ్చి ఆకలేస్తోందంది. అన్నం పెట్టి, అది తింటూ ఉండగానే గడియ ఊడదీసి, గుడ్డలో చుట్టి బియ్యం డబ్బా అడుగున దాచేశాను. ఆ తర్వాత అది ఫిజిక్సులో చేరింది, నవ్వింది, స్నేహితులతో సినిమాలకెళ్ళింది. ఇప్పుడు ఎమ్మెస్సీ రెండో ఏడు. గడియ మాత్రం బియ్యం డబ్బాలోనే ఉండిపోయింది.

మేముండేది పుదుచ్చేరిలో, ముత్తియాల్‌పేటలో. నేను యానాం నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మా ఆయన ఆదికేశవన్ నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు. వీళ్ళదీ తెలుగిల్లే గానీ తరాల కిందటే ఇక్కడ పాతుకుపోయారు. మాట్లాడతారు, చదవలేరు. మా అత్త చిన్నపొన్నుకి నా మాట ఇప్పటికీ వేళాకోళమే.

నేను ఎనిమిది దాకా చదివాను. రెండు వీధుల అవతల బట్టల కంపెనీలో చెక్కింగు పని చేస్తాను. వాలుగా ఒక పెద్ద గాజు పలక ఉంటుంది. దాని వెనక ట్యూబులైట్లు. తాను పైనుంచి కిందికి ఆ గాజు మీదుగా జారుతుంటే చూస్తూ నిలబడాలి. తెగిన పోగు, జంట పోగు, నూనె మరక ఏది కనపడినా మెషిను ఆపి అంచున ఎర్ర స్టిక్కరు అంటించాలి. పదిహేనేళ్ళుగా నేను చూసింది అదే, వెలుగులో తేడా.

దీపావళి వెళ్ళిన వారం, తేన్మొళి నన్ను కంప్యూటరు దగ్గరికి పిలిచింది.

"అమ్మా, ఇట్ల రా. ఒకటి చూపిస్తా. భయపడగూడదు."

ఆ మాటకే చేతిలో పని వదిలి వెళ్ళాను. తీరా చూస్తే తెర మీద చుక్కలు. వరసగా, అడ్డంగా, మిషను కుట్టు వేసినట్టు. ఆ వరస రెండుచోట్ల కొంచెం కిందికి దిగి మళ్ళీ పైకి లేచింది.

"ఇది ఒక నక్షత్రం" అంది. "ఆకాశంలో తిరిగే టెలిస్కోపు ఒకటుంది. అది ఇరవయ్యేడు దినాలు దీని వెలుగును కొలిచింది. ఆ ఫోటోలు ఎవురైనా దించుకోవచ్చు. ఒక్కో చుక్క ఒక్కో కొలత."

"మరి ఈ గుంటలేంటి?"

"అదే కదా! నీ చెక్కింగు గాజు అనుకో. వెనకాల లైటు వెలగతా ఉండాది. ముందర ఈగ ఒకటి నడిస్తే రవ్వంత వెలుగు తగ్గుతాదా లేదా? ఆ ఈగే గ్రహం. మన సూర్యుడికి భూమి ఉన్నట్టు, ఆ నక్షత్రానికి అది. ఇట్లాంటివి ఇప్పటికి ఆరు వేలు దాటి కనుక్కున్నారు. ఇది ఆ పట్టీలో లేదు. ఇది నేను చూసింది."

"అది మన మీదికేమైనా వస్తుందా?"

"ఆడ్నించి వెలుగు రావాలంటేనే నాలుగొందల ఏండ్లు పడతాది మా."

"అంటే నువ్వు చూసేది నాలుగొందల ఏళ్ళ కిందటి సంగతి. ఇప్పుడది ఉందో పోయిందో."

తేన్మొళి కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. "అవ్వా, నీ కోడల్ని చూడు! ఆరు వేల గ్రహాల్లో ఒక్కదానికీ ఇంకా సావు కబురు రాలేదు, ఈమె అప్పుడే తలకు నీళ్ళు పోసుకుంటా ఉండాది."

"యానాం వాళ్ళు అంతే పాపా" అంది మా అత్త మంచం మీంచి. "గోదారి వస్తాది, గోదారి వస్తాది అని పుట్టినప్పుట్నుంచి మూట కట్టుకోనే కూసోనుంటారు."

నేనూ నవ్వాను. ఆ పిల్ల మొహంలో అంత వెలుగు చూసి చాలా ఏళ్ళయింది.

మొదటి గుంట ఐదో రోజున ఉంది. రెండోది పద్దెనిమిదిన్నర దగ్గర. అంటే ఆ గ్రహం పదమూడున్నర రోజులకోసారి నక్షత్రం చుట్టూ తిరుగుతుంది, అక్కడ ఏడాదంటే అంతే. మూడో గుంట కూడా దొరికితే గట్టిగా చెప్పొచ్చట. కానీ టెలిస్కోపు అప్పటికే ఆకాశంలో ఇంకో వైపుకు తిరిగిపోయింది. వాళ్ళ పంకజవల్లి మేడం ఈ రెండు చాలు, ముందు మనవాళ్ళ దగ్గర చెప్పు అందట. శనివారం కాలేజీలో సెమినారు. చెన్నై నుంచి ఇద్దరు పెద్ద ప్రొఫెసర్లు వస్తున్నారు. వాళ్ళకు నచ్చితే తేన్మొళిని పరిశోధనకు తీసుకుంటారు.

మా ఆయన నోట్లో మాట ఆగదు. మూడు రోజుల్లో వీధంతా తెలిసింది. ఇస్త్రీ బండి ముసలాయన కూడా "మీ పాప గ్రహం ఎట్లా ఉండాది?" అని అడిగేవాడు, పాప కడుపుతో ఉన్నట్టు.

"మేడం చుట్టుపక్కల నక్షత్రాలు కూడా చూసినావా అనడిగింది" అని ఒకరోజు అన్నం తింటూ చెప్పింది తేన్మొళి. "నలభై చూసినా. అన్నీ కాగితాల మీద తీసి ఒక్కొక్కటే చూసినా. ఒక్కదాంట్లో గుంట లేదు. అవన్నీ మసక నక్షత్రాలు, గీత అంతా వణుకుడే. నాది ఒక్కటే నీట్ గా ఉండాది."

ఆ నలభై కాగితాలు నాకిచ్చేసింది. మంచి కాగితం పారేస్తే నాకు మనసొప్పదు. అలమర అరల్లో పరుస్తాను.

సెమినారు ముందురోజు, శుక్రవారం, నేను సెలవు పెట్టాను. వచ్చేవాళ్ళకు ఇంటి పలహారం పెడతానని తేన్మొళి మేడంకి చెప్పిందట. మా యానాంలో జంతికలంటాం, ఇక్కడ మురుకులు. పిండి కలిపి, మూకుడు పెట్టి, వాయకొకటి చొప్పున ఆ కాగితాలు నేల మీద పరిచాను, నూనె పీలుస్తాయని. పదిన్నరకల్లా ఎనిమిది వాయలు దిగాయి. మురుకులు డబ్బాలోకి ఎత్తి, నూనె కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి పారేద్దామని తీశాను.

కిటికీలోంచి ఎండ పడుతోంది. నూనె తాగిన కాగితం గాజులా అయిపోతుంది కదా. ఎనిమిది కాగితాలూ ఒక్క కాగితంలా, ఎనిమిది నక్షత్రాల చుక్కలూ ఒకదానిలో ఒకటి కలిసి కనిపించాయి. నా చేతులు వాటంతటవే కాగితాల అంచులు సమంగా సర్దాయి. పదిహేనేళ్ళ అలవాటు.

వణికే గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాక వణుకు మసకగా కలిసిపోయింది. ఆ మసక బద్ద రెండుచోట్ల కిందికి కుంగింది. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి.

మూకుడులో వాయ మాడిపోయింది. మా అత్త అరిచిన తర్వాత స్టవ్వు కట్టేశాను.

కంపెనీలో మొదటి వారం నేర్పే సంగతి ఇది. తప్పు ఒక్క తానులో ఉంటే నూలుది. అన్ని తానుల్లో ఒకే కొలత దగ్గర ఉంటే మెషినుది. ఒక్కో మడతలో కంటికి ఆనని చార కూడా నాలుగు మడతలు కలిపి లైటుకు పెడితే తేలుతుంది. తేన్మొళి నలభైనీ ఒక్కొక్కటే చూసింది. కలిపి చూడలేదు.

దాని గదిలోకెళ్ళి, దాని సొంత నక్షత్రం కాగితం తెచ్చి వాటి మీద పెట్టాను. దేవుడా, నేను పొరబడాలి అని మొక్కుకుంటూనే పెట్టాను. గుంట మీద గుంట పడింది.

మధ్యాహ్నం అన్నానికొచ్చిన మా ఆయనకు చూపించాను. ఆయన కాగితాలను అటూ ఇటూ తిప్పి, వేళ్ళకంటిన నూనె లుంగీకి తుడుచుకున్నాడు.

"ఏందే ఇది? మురుకుల కాగితాలు తెచ్చి గ్రహం లేదంటావుండావు?"

"ఉందో లేదో నాకు తెలీదండీ. తప్పు అన్నిటిలోనూ ఒకేచోట ఉంది."

"సుమ్మా ఉండు, మాట్లాడకు. అది ఎమ్మెస్సీ, నువ్వు ఎనిమిదో క్లాసు. వాళ్ళ మేడం చూసింది కదా? రేపటి దినం పోనీ. తరవాత తెలిస్తే తెలుస్తాది." చెయ్యి కడుక్కుని వచ్చి, గొంతు తగ్గించి మళ్ళీ అన్నాడు. "రమణమ్మా, పోయినసారి మాదిరి మళ్ళీ తలుపు మూసుకుంటే? ఆలోచించినావా?"

ఆలోచించకుండా ఎలా ఉంటాను? చెబితే అది ఏమైపోతుందోనని భయం. చెప్పకపోతే, రేపు ఆ చెన్నైవాళ్ళలో ఒకరు లేచి, అంతమందిలో, ఇది మెషిను తప్పమ్మా అంటే? అప్పుడది అక్కణ్ణుంచి ఇంటికే వస్తుందా? ఎటు చూసినా నాకు ఆ తలుపే కనిపించింది.

ఇంకొకటి కూడా ఉంది. అది మా ఆయనకు కూడా తెలీదు. ఆరేళ్ళ కిందట, వరసగా ఆరు తానుల్లో ఒకే కొలత దగ్గర ఒకే చార చూశాను. మగ్గం రోలరు తప్పని నాకు అప్పుడే తెలుసు. సూపర్‌వైజరు మగ్గం నడిపే తిరుమలైని నిలదీశాడు, తాగొచ్చి పని చేశావని. తిరుమలై నా వైపు చూశాడు. నేను స్టిక్కర్ల చుట్ట సర్దుకుంటూ తల వంచుకున్నాను. నా మాట ఎవరు వింటారు, నా పని కూడా పోతే ఎలా, అనుకున్నాను. అతన్ని తీసేసిన నెలకి రోలరు మార్చారు. ఇప్పుడతను ఆటో నడుపుతాడు. ఆ ఆటో మా వీధిలోకి వస్తే నేను ముగ్గు సగంలో వదిలి లోపలికి వచ్చేస్తాను.

నాలుగింటికి తేన్మొళి వచ్చింది. వస్తూనే డబ్బా మూత తీసి మురుకు కొరికింది.

"సూపర్ మా! చెన్నై సార్లు పడిపోతారు. నాకు ప్రశ్నలు అడగడమే మరిచిపోతారు."

"తల్లీ, ఒకటి చూపిస్తాను. ఇలా కిటికీ దగ్గరికి రా."

"ఏంది, భయపడగూడదా?" అని నవ్వుతూ వచ్చింది.

కాగితాలు వెలుగుకు పట్టుకున్నాను. మొదట అంచులు కలవలేదు. మళ్ళీ సర్దాను. ఎడమవైపు వేలు పెట్టాను, కుడివైపు వేలు పెట్టాను. మా కంపెనీలో తానుల సంగతి నాకొచ్చిన మాటల్లో చెప్పాను.

ముందు నవ్వింది. "మురుకుల నూనెలో నా గ్రహం వేయించినావా అమ్మా?" తర్వాత నవ్వు ఆపింది. "ఇవన్నీ నేను చూసినా. మేడం చూసింది. నీకేం తెలుసు? ఏదైనా ఒక్క మంచిది నా జీవితంలో జరిగితే నువ్వు నమ్మవు. అది విరిగేదాకా నీకు నెమ్మది ఉండదు. ఈ నాలుగేండ్లు నన్ను ఎట్లా చూసినావో నాకు తెలీదా? నేను బాత్‌రూంలో పది నిముసాలుంటే బయట నీ కాళ్ళ నీడ కనిపిస్తాది."

అది అన్నదాంట్లో అబద్ధమేముంది?

కానీ దాని కళ్ళు కాగితాల మీదే ఉన్నాయి. తన నక్షత్రం కాగితాన్ని పక్కకు లాగింది. మిగతా ఎనిమిదినీ విడిగా వెలుగుకు పెట్టింది. ఆ రెండు గుంటలూ అక్కడే ఉన్నాయి. పెదవులు కదిలాయి.

"పదమూడున్నర" అంది.

"ఏంటమ్మా?"

"ఆ టెలిస్కోపు భూమి చుట్టూ తిరిగేదానికి పట్టేది దగ్గిర దగ్గిర అన్ని దినాలే." దాని గొంతు తనది కానట్టుంది. "భూమి దగ్గిరకి వచ్చినప్పుడంతా భూమి వెలుగు లోపలికి దూరతాది. అది తీసేసే లెక్క నేనే రాసినా. ఎక్కువ తీసేసుంటా. అన్నిటికీ అదే లెక్క. నాకు తెలుసు ఇది. మొదటి పాఠంలోనే ఉండాది. నాకు తెలుసు మా!"

కాగితాలు తీసుకుని, తాళం చెవి తీసుకుని బయటికెళ్ళిపోయింది. స్కూటీ మలుపు తిరిగిన చప్పుడు వినపడ్డాక చూస్తే ఫోను బల్ల మీదే ఉంది.

చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరికి పరుగెత్తాను. ఆటో ఒకటే ఉంది. తిరుమలైది. ఎక్కాను.

"యాడికక్కా?" అన్నాడు, నిన్న కూడా మాట్లాడినట్టు.

"వైత్తికుప్పం. సముద్రం దగ్గరికి."

పరీక్ష పోయినప్పుడు, గది లోంచి బయటికొచ్చిన తర్వాత వారం రోజులు అది రోజూ అక్కడి రాళ్ళ మీదే కూర్చునేది. నేను దూరంగా వల బాగుచేసుకునేవాళ్ళ పక్కన నిలబడి చూసేదాన్ని. దారంతా ఆ రాళ్ళే కళ్ళ ముందు. వెనకనుంచి తిరుమలై మెడ చూస్తూ, ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడైనా చెప్పాలి అనుకున్నాను. ఆటో ఆగింది, దిగిపోయాను.

రాళ్ళ మీద ఎవరూ లేరు. అలలు వచ్చి తగిలి తెల్లగా చిమ్ముతున్నాయి. నేను ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచాను. ఎక్కడ అది వేసుకెళ్ళినలాంటి నీలం చున్నీ కనిపించినా అటు పరుగెత్తాను. చేపలు ఆరబెట్టే ఒకామె "ఏమ్మా, ఎవరి కోసం?" అని తమిళంలో అడిగింది. పాప కోసం అన్నాను. ఎంత పాప అంది. ఇరవై రెండేళ్ళు అంటే వింతగా చూసింది.

తిరిగొచ్చేసరికి తిరుమలై ఆటో పక్కనే నిలబడి ఉన్నాడు.

"లేదా?"

"లేదు. తిరుమలై, ఆ రోజు రోలరు తప్పని నాకు తెలుసు. చెప్పలేదు."

అతను ఆటో ఎక్కి కూర్చున్నాడు. "అది నాకు అప్పుడే తెలుసక్కా" అన్నాడు. "ఎక్కు. ఇంటికి పోదాం. వచ్చేసుంటాదేమో." క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

గుమ్మం ముందు స్కూటీ ఉంది. అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. లోపల తేన్మొళి హాల్లో నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కాగితాలు. జిరాక్సు షాపులో ఆ నలభై నక్షత్రాలూ తన మెయిల్లోంచి తెరిచి వాటి మీద తీయించుకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"యాడికి పోయినావు అమ్మా? కాలికి రక్తం వస్తా ఉండాది."

"ఊరికే. నువ్వు..."

"నలభైలోనూ ఉండాది" అంది. దొంతర ఎత్తి ట్యూబులైటు వైపు పట్టుకుంది. నూనె మరకలు లేని ఆ కాగితాల్లో రెండు గుంటలూ లోతుగా, స్పష్టంగా కనిపించాయి. "గ్రహం లేదు. నేనే గీసుకున్నా."

మా అత్త మంచం మీంచి దిగి వచ్చి దాని తల మీద చెయ్యి పెట్టింది. వేళాకోళం ఆడలేదు.

"మేడంకి చెప్పావా?"

"జిరాక్సు అన్న ఫోను నుంచి చేసినా. చెన్నై సార్లు అప్పుడే ట్రైను ఎక్కేసినారంట. రేపు పొద్దున ఎనిమిదికి రా అనింది, పెట్టేసింది. కోపమో ఏమో తెలీదు." ప్లాస్టిక్ కాగితాలు ఒక్కొక్కటే ఏరి సర్దుకుంది. లేచి గది గుమ్మంలో నిలబడి ఆ నాలుగు చిల్లుల మీద వేలు పెట్టింది.

"ఆ గడియ యాడ పెట్టినావు?"

"ఎందుకు?"

"రేపు వాళ్ళ ముందర ఏం చెప్పాలో రాసుకోవాల. మీరు ముగ్గురూ నిముసానికి ఒకరు తలుపు తోసి నా మొహం చూస్తా ఉంటే నేను రాయలేను. గడియ పెట్టు మా."

ఈ ఒక్క పూట వద్దనాలని ఉంది. రేపు పెడతానని, స్క్రూలు పోయాయని చెప్పాలని ఉంది. దాని మొహం చూశాను. ఏదో పట్టుకుని వేలాడుతున్నట్టుంది. దేన్ని పట్టుకుందో నాకు తెలీలేదు.

బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి గుడ్డ మూట తీశాను. గడియకు కొంచెం తుప్పు పట్టింది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, నా చేతిలో స్క్రూడ్రైవరు చూశాడు. మూడు స్క్రూలు బాగానే పట్టాయి. నాలుగో చిల్లు వదులైపోయింది, అగ్గిపుల్ల విరిచి దూర్చి బిగించాను. తేన్మొళి పక్కన నిలబడి, నా చెయ్యి జారకుండా తలుపు పట్టుకుంది.

"చాలు మా" అంది. లోపలికెళ్ళింది. గడియ పడిన చప్పుడైంది.

మా ఆయన నావైపు చూశాడు. నేను వంటింట్లోకెళ్ళి, మాడిన వాయ పక్కన పెట్టి, మంచి మురుకులు ఏరి వేరే డబ్బాలో సర్దడం మొదలుపెట్టాను. సెమినారు ఉంటుందో ఉండదో తెలీదు. ఉంటే పెట్టాలి కదా. చేతులు సర్దుతున్నాయి, చెవులు గది దగ్గరే ఉన్నాయి. ఫ్యాను తిరుగుతోంది. కుర్చీ జరిపిన చప్పుడు. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ కాగితం చింపిన చప్పుడు.

మూడుసార్లు తలుపు దాకా వెళ్ళాను. కింద సందులోంచి నా కాళ్ళ నీడ లోపలికి పడుతుందని గుర్తొచ్చి, మూడుసార్లూ గోడ వైపుకు జరిగి నిలబడ్డాను. తలుపు తట్టలేదు.